ట్రాన్సిల్వేనియా పల్లెల్లో చర్చి చుట్టూ కోటగోడ ఎందుకు?

రుమేనియాలోని ట్రాన్సిల్వేనియా పల్లెల్లో చర్చిల చుట్టూ కోటగోడలు ఎందుకున్నాయి, వాటిని కట్టించిన రాజు ఎవరు, తుర్కుల సైన్యాలను అవి నిజంగా ఆపగలిగాయా అని మీరు అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు చెబితే మిగిలిన రెండూ వాటంతట అవే తేలిపోతాయి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈ కోటలను ఏ రాజూ కట్టించలేదు. ఊరి రైతులే తమ ఖర్చుతో, తమ చాకిరీతో, రెండు మూడు వందల ఏళ్ల పాటు కొంచెం కొంచెంగా కట్టుకున్నారు. పైగా ఇవి సైన్యాలను ఆపడానికి కట్టినవి కావు. దోపిడీ దండు ఊరి మీద పడిన కొద్ది రోజులు మనుషులు, పశువులు, తిండిగింజలు భద్రంగా ఉండడానికి కట్టినవి. పాత రాతి కట్టడాల మరమ్మతు పనిలో చాలాకాలంగా ఉన్నవాడిగా నాకు తోచిన మాట ఏమిటంటే, గోడ ఎత్తును చూసి వీటిని కోటలుగా లెక్కవేస్తే సగమే అర్థమవుతాయి. గోడ లోపలి గదులను చూసి గాదెలుగా లెక్కవేస్తే పూర్తిగా అర్థమవుతాయి.

ఈ రైతులు అక్కడి స్థానికులు కారు. 12వ శతాబ్దం మధ్యలో హంగరీ రాజు రెండవ గేజా తన రాజ్యపు తూర్పు సరిహద్దును జనంతో నింపడానికి రైన్, మోసెల్ నదుల ప్రాంతాల నుంచి, లక్సెంబర్గ్, ఫ్లాండర్స్ వైపు నుంచి కుటుంబాలను పిలిపించి భూములిచ్చాడు. వారినే తర్వాతి కాలంలో ట్రాన్సిల్వేనియా సాక్సన్లు అన్నారు. 1224లో రాజు రెండవ ఆండ్రూ ఇచ్చిన హక్కుల పత్రం వీరి చరిత్రకు పునాది. దాని ప్రకారం వారంతా కలిసి ఏటా 500 వెండి మార్కులు రాజుకు చెల్లించాలి, రాజ్యం లోపల యుద్ధం వస్తే 500 మంది యోధులను పంపాలి. దానికి బదులుగా తమ పూజారిని, తమ న్యాయాధికారిని తామే ఎన్నుకోవచ్చు, భూమి మీద మధ్యవర్తి ప్రభువు ఎవడూ ఉండడు. తెలంగాణ పల్లెలో గడీ కనబడితే ఆ ఊరి దొర ఎవరని అడగడం మనకు సహజం. ఇక్కడ ఆ ప్రశ్నకు జవాబు లేదు, ఎందుకంటే దొర లేడు. దొర లేడు కాబట్టి ఆపదలో పరుగెత్తి తలదాచుకోవడానికి దొర కోట కూడా లేదు. ఊళ్లో రాతితో కట్టిన ఒకే ఒక్క పెద్ద కట్టడం చర్చి. ఆ ఊరికి కోట కావాలంటే చర్చినే కోట చేసుకోవాలి తప్ప మరో దారి లేకపోయింది.

ఆ అవసరం రెండు విడతలుగా వచ్చింది. 1241లో మంగోలులు కార్పేథియన్ పర్వతాల కనుమల గుండా దిగి ఊళ్లకు ఊళ్లను తగలబెట్టారు. అప్పటి చర్చిల్లో చాలావాటికి రక్షణ అంటే పడమటి వైపున్న గంటల గోపురం ఒక్కటే. రెండవ విడత ఆటోమన్ తుర్కులది. 1395 నుంచి వారి దండులు దక్షిణాన ఉన్న వలాకియా రాజ్యం వైపు నుంచి కనుమలు దాటి రావడం మొదలైంది. 1421లో బ్రషోవ్ ప్రాంతాన్ని దోచుకున్నారు. 1438లో సుల్తాన్ రెండవ మురాద్ స్వయంగా వచ్చినప్పుడు సెబెష్ పట్టణం లొంగిపోయింది, వేలమందిని బానిసలుగా తీసుకుపోయారు. అలా పోయినవారిలో ఒక విద్యార్థి ఇరవై ఏళ్లు బానిసగా గడిపి, విడుదలయ్యాక తుర్కుల ఆచారవ్యవహారాల గురించి లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. చరిత్రలో అతణ్ణి హంగరీ జార్జి అంటారు. నేడు మీరు చూసే గోడల్లో అత్యధిక భాగం ఈ 1438కి ముందు వెనుకల మొదలై 16వ శతాబ్దం మధ్య దాకా సాగిన పని.

ఇక్కడ ఒక విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కట్టడంలోని ప్రతి అంశానికీ కారణం ఇందులోనే ఉంది. సుల్తాన్ స్వయంగా రావడం అరుదు. తరచుగా వచ్చేది అకింజీలనే తేలికపాటి గుర్రపు దండులు. వారికి జీతం లేదు, దోచుకున్నదే సంపాదన. వారు కోరేది బానిసలుగా అమ్ముకోవడానికి మనుషులను, తోలుకుపోవడానికి పశువులను. వారి వెంట ఫిరంగులు ఉండవు, గోడలు కూల్చే యంత్రాలు ఉండవు, ఒకచోట నెలల తరబడి దిగి ఉండడానికి సరుకూ ఉండదు; రాజు సైన్యం కదిలి వచ్చేలోగా కనుమ దాటి వెళ్లిపోవాలి. అటువంటి శత్రువును ఓడించనక్కర్లేదు, కొద్ది రోజులు వాడికి అందకుండా ఉంటే చాలు. నిచ్చెనకు అందని ఎత్తు, నిప్పు అంటుకోని కప్పు, ఒకే ఒక్క ఇరుకు ద్వారం, లోపల ఒక బావి, అందరికీ తిండి. ఈ అయిదు ఉంటే ఊరు బతుకుతుంది. ఈ కోట చర్చిలన్నింటి వాస్తు ఈ అయిదింటి చుట్టూనే తిరుగుతుంది.

దీన్ని అత్యంత స్పష్టంగా చూపించేది బ్రషోవ్‌కు దగ్గరలోని ప్రెజ్మెర్. జర్మన్‌లో ఆ ఊరిని టార్ట్‌లావ్ అంటారు. వలాకియా నుంచి బుజౌ కనుమ గుండా వచ్చే దండుకు మొదట తగిలే ఊళ్లలో ఇదొకటి కావడం వల్ల దీని గోడ మిగిలినవాటికంటే బలంగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. ఆ గోడకంటే లోపలి చర్చి పాతది. 1211లో రాజు రెండవ ఆండ్రూ ఈ ప్రాంతాన్ని ట్యూటానిక్ యోధులనే జర్మన్ సన్యాసి సైనికుల సంఘానికి అప్పగించాడు, వారు స్వతంత్ర రాజ్యం వేషాలు వేయడంతో 1225లో వెళ్లగొట్టాడు. ప్రెజ్మెర్ చర్చి మొదలైంది వారి హయాంలోనే. 1240లో ఇది సిస్టర్షియన్లనే కేథలిక్ సన్యాసుల చేతికి వచ్చింది. నాలుగు చేతులూ సమానంగా ఉండే శిలువ ఆకారంలో దీన్ని కట్టడం ప్రారంభించారు. పడమటి చేతిని తర్వాత పొడిగించడం వల్ల నేడు ఆ సమానత్వం వెంటనే కంటికి తెలియదు. లోపలి బలిపీఠం మీద 1450 ప్రాంతానికి చెందిన, తలుపుల్లా తెరిచి మూసే రెక్కలున్న చిత్రఫలకం ఉంది.

చర్చి చుట్టూ గుండ్రంగా తిరిగిన గోడ ఎత్తు దాదాపు 12 మీటర్లు, మందం 3 నుంచి 4 మీటర్లు. దాని బయట ఒకప్పుడు నీటి కందకం ఉండేది. లోపలికి వెళ్లే దారి 30 మీటర్లకు పైగా పొడవున్న కమాను కప్పు సొరంగం. దాని మధ్యలో పైనుంచి కిందికి దించే మందపాటి చెక్క పళ్ల తలుపు ఉంది. ఆ తలుపు దాటి పెరటిలోకి అడుగుపెట్టాక ఒకసారి వెనక్కి తిరిగి గోడను లోపలి వైపు నుంచి చూడండి. బయట కోటలా కనిపించిన గోడ లోపలి ముఖమంతా గదులే. నాలుగు అంతస్తులుగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు 272 గదులు. ప్రతి గదికీ పెరటి వైపు ఒక చిన్న చెక్క తలుపు, ప్రతి తలుపు మీదా ఒక అంకె, పై అంతస్తులకు చెక్క మెట్లు, చెక్క వసారాలు. ఆ అంకె ఊళ్లోని ఇంటి అంకె అని చెబుతారు. అంటే ఏ ఇంటివారు ఏ గదిలోకి పోవాలో ముందే నిర్ణయమై ఉండేది. గంట మోగినప్పుడు తొక్కిసలాట లేకుండా, తగాదా లేకుండా ఎవరి గదికి వారు చేరేవారు. దాదాపు 1600 మందికి ఇందులో చోటు ఉండేదని లెక్క. గదికి బయటి వైపు కిటికీ లేదు. అందువల్ల గోడ బలహీనపడలేదు, గది కూడా ఏడాది పొడవునా చల్లగా, చీకటిగా ఉండి ధాన్యం నిలవకు అనువైంది.

గోడ పైభాగంలో, కప్పు కింద, గోడ మందంలోనే చుట్టూ తిరిగే ఒక చీకటి నడవ ఉంది. అందులో నడుస్తుంటే బాణాలు, తర్వాతి కాలంలో తుపాకులు పెట్టడానికి సన్నని రంధ్రాలు, నేరుగా కిందికి రాళ్లు, మరిగే నీళ్లు కుమ్మరించడానికి వాలుగా తెరిచిన గొట్టాల్లాంటి సందులు వరుసగా కనబడతాయి. అక్కడే మృత్యు ఆర్గన్ అనే ఆయుధం ఒకటి ఉంది: అనేక తుపాకీ గొట్టాలను ఒకే దిమ్మెకు వరుసగా బిగించి, ఒకేసారి పేల్చేలా చేసిన సాధనం. పర్యాటకులు దాని ముందే ఎక్కువసేపు నిలబడతారు. నా దృష్టిలో ప్రెజ్మెర్‌లో చూడవలసినవి మాత్రం గదులే. వాటిలో ఒకదాన్ని బడిగా వాడేవారు. ముట్టడిలో ఉన్నంతకాలమూ పిల్లల చదువు ఆగకూడదన్న పట్టుదల ఆ గోడల మధ్య కూడా కొనసాగిందన్నమాట.

ఈ పద్ధతిలో చర్చి మామూలుగానే ఉంటుంది, రక్షణంతా చుట్టూ గోడదే. అంత గోడ కట్టే స్తోమత లేని ఊళ్లు, లేదా ఊరు మధ్యలో అంత జాగా లేని ఊళ్లు, చర్చినే పైకి పెంచి కోట చేశాయి. వాస్తు పరంగా నాకు ఇది మరింత ఆసక్తికరమైన పని, ఎందుకంటే ఒకే గోడ కింద ప్రార్థనకూ పైన యుద్ధానికీ పనికి రావాలి. 12, 13 శతాబ్దాల చర్చిలు ఎత్తైన నడిమి హాలు, దానికి రెండు పక్కలా తక్కువ ఎత్తు పక్కహాళ్లతో ఉండేవి. పక్కహాళ్ల కప్పు ఎక్కితే నడిమి హాలు కిటికీలు అందుతాయి కనుక చాలా ఊళ్లలో ఆ పక్కహాళ్లను పడగొట్టి, వాటికి దారితీసే కమానులను రాతితో మూసేశారు. కిటికీలను ఇరుకు చేశారు. బలిపీఠం ఉన్న తూర్పు భాగం మీద రెండు మూడు అంతస్తులు లేపారు.

సాస్కిజ్‌లో 1490లలో మొదలుపెట్టిన చర్చిని మొదటి నుంచే ఈ ఉద్దేశంతో కట్టారు. బయట నుంచి చూస్తే దాని గోడలకు 22 ఊతగోడలు ఆనించి ఉంటాయి. గోతిక్ కట్టడాల్లో ఊతగోడ పని కమాను కప్పు బయటికి నెట్టే బరువును మోయడం. ఇక్కడ దానికి రెండవ పని కూడా అప్పగించారు. రెండేసి ఊతగోడలను పైభాగంలో కమానుతో కలిపి, ఆ కమానుకూ అసలు గోడకూ మధ్య జానెడు సందు వదిలారు. కింద నిలబడి చూస్తే అది అలంకారపు కమానులా ఉంటుంది. పై అంతస్తులోకి వెళ్లి చూస్తే అది నేరుగా గోడ మొదట్లో నిలబడ్డవాడి నెత్తి మీదికి తెరుచుకునే కంత. అలంకారాన్నీ ఆయుధాన్నీ ఒకే రాతిలో ఇంత పొదుపుగా ఇమిడ్చిన మేస్త్రీలు ఎవరో గాని, లెక్క తెలిసినవారు. ఆ చర్చి పక్కనే విడిగా నిలిచిన గోపురం సిఘిషోవర పట్టణంలోని గడియార గోపురాన్ని పోలి ఉంటుంది. వాలియా విలోర్‌లో బలిపీఠం మీద, హాలు మీద, గోపురం మీద మూడు చోట్లా రక్షణ అంతస్తులున్నాయి, బావి మాత్రం చర్చి లోపల, బలిపీఠం ఉన్న భాగంలోనే ఉంది. బయటి ప్రాకారం శత్రువు చేతికి పోయినా తలుపు వేసుకుని మరికొన్ని రోజులు గడపవచ్చునన్న ఆలోచన అది.

బియెర్తాన్ వేరే రకం. అది ద్రాక్షసారాతో డబ్బు చేసుకున్న సంత ఊరు. 1283 నాటికే పత్రాల్లో దాని పేరు కనబడుతుంది. గుట్ట మీద, ఒకదాని లోపల ఒకటిగా మూడు ప్రాకారాల మధ్య, 15వ శతాబ్దం చివర మొదలై 16వ శతాబ్దం తొలి పాతికేళ్లలో పూర్తయిన చర్చి అది. మూడు హాళ్లూ ఒకే ఎత్తులో ఉండి, కప్పు మీద వల అల్లినట్టు ఇటుక నరాలు పరుచుకున్న ఆ లోపలి భాగం, ఒక పల్లె పట్టణంతో పోటీ పడి కట్టిన కట్టడమని చూడగానే తెలుస్తుంది. 28 ఫలకాలున్న బలిపీఠ చిత్రం దాని గర్వకారణం. 1572 నుంచి 1867 వరకు ట్రాన్సిల్వేనియా లూథరన్ (ప్రొటెస్టెంట్ శాఖ) బిషప్పుల పీఠం ఇక్కడే ఉండేది. ఒక బురుజులో వారి సమాధి రాళ్లున్నాయి, మరొక బురుజులో సాక్సన్లు ప్రొటెస్టెంట్లుగా మారిన మతసంస్కరణ తర్వాత కూడా కేథలిక్కులుగా మిగిలినవారి కోసం ఉంచిన చిన్న ప్రార్థనాగది, దాని గోడల మీద పాత చిత్రాలు ఉన్నాయి.

అక్కడ దగ్గరగా నిలబడి చూడవలసినది విలువైన సామగ్రి దాచే గది తలుపు. 1515 నాటి ఓక్ తలుపు మీద చెక్క అతుకుపని పూలూ తీగలూ ఉంటాయి. దాని లోపలి ముఖం నిండా ఇనుప కడ్డీలు, పళ్ల చక్రాలు. ఒక్క తాళంచెవి తిప్పితే ఆ కడ్డీలన్నీ ఒకేసారి తలుపు చుట్టూ రాతి చట్రంలోకి దూసుకుపోతాయి. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో దీన్ని ఉంచారు. ఇదే ఆవరణలో విడాకులు కోరే దంపతులను ఒకే మంచం, ఒకే పళ్లెం, ఒకే చెంచా ఇచ్చి నిర్బంధించేవారనే గది కూడా చూపిస్తారు. మూడు వందల ఏళ్లలో ఒక్క విడాకులే జరిగిందన్న మాటను గైడ్లు ఉత్సాహంగా చెబుతారు. ఆ లెక్కను కథగానే తీసుకోవడం మంచిది.

1993లో యునెస్కో బియెర్తాన్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 1999లో మరో ఆరు ఊళ్లను కలిపింది. పైన చెప్పిన ప్రెజ్మెర్, సాస్కిజ్, వాలియా విలోర్ కాక విస్క్రి, కల్నిక్, దర్‌జియు అందులో ఉన్నాయి. కల్నిక్ మొదట ఒక ప్రభువు ఇల్లు. 1430లో ఊరివాళ్లే దాన్ని కొనుక్కుని తమ కోటగా మార్చుకున్నారు. దర్‌జియు సాక్సన్లది కాదు, హంగేరియన్ మాట్లాడే సెకెలీలది. అక్కడి యూనిటేరియన్ (త్రిత్వాన్ని ఒప్పుకోని క్రైస్తవ శాఖ) చర్చిలో 1419 నాటి గోడచిత్రాల్లో రాజు లాడిస్లాస్ గాథ ఉంటుంది. నా వాదనకు బతికున్న సాక్ష్యం కూడా ఆ ఊరిలోనే ఉంది: ప్రాకారానికి ఆనుకుని ఉన్న గాదెల్లో కుటుంబాలు ధాన్యం పెట్టెలు ఉంచుకోవడం, బురుజులో పంది కొవ్వు పలకలను వేలాడదీయడం శత్రుభయం పోయి రెండు వందల ఏళ్లు దాటాక కూడా కొనసాగాయి. సాక్సన్ ఊళ్లలోనూ పంది మాంసపు బురుజు అని ప్రత్యేకంగా ఒకటి ఉండేది. ప్రతి ఇంటి పలక మీదా ఆ ఇంటి గుర్తు ముద్రించి ఉండేది. నిర్ణీత రోజున తలుపు తెరిచినప్పుడు వెళ్లి ఆ వారానికి కావలసినంత కోసుకుని, ఇంకొకరు కోయకుండా కోసిన చోట మళ్లీ ముద్ర వేయించుకునేవారు. విస్క్రిలో 18వ శతాబ్దంలో గోడ మీది పోరాట నడవను తీసేసి దాని చోట ధాన్యపు పెట్టెల కోసం కప్పు వేసిన వసారా కట్టారు. యుద్ధం పని అయిపోయింది, గాదె పని మిగిలింది.

ఇక అవి ఆపగలిగాయా అన్న ప్రశ్న. దోపిడీ దండులను చాలాసార్లు ఆపాయి. ప్రెజ్మెర్‌ను దాదాపు యాభై సార్లు ముట్టడించారని, ఒక్కసారే అది లొంగిపోయిందని స్థానికంగా చెబుతారు. ఆ ఒక్కసారి, 1611లో, గెలిచినవాడు తుర్కు కాదు. ట్రాన్సిల్వేనియా పాలకుడు గాబ్రియేల్ బాతోరీయే, సాక్సన్ల పట్టణాలతో తగవు పడి, జీతపు సైన్యంతో వచ్చాడు. దిగి కూర్చోగల సైన్యం ఎదుట ఈ కోటల బలం ఎంతో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. ఫిరంగుల కాలానికి సరిపడే మట్టికట్టలు, కోణాల బురుజులు కట్టే స్తోమత పల్లెలకు లేదు, కట్టే ప్రయత్నమూ చేయలేదు. అయినా 17వ శతాబ్దంలో తాతారులు వచ్చినప్పుడు, 18వ శతాబ్దం తొలి ఏళ్ల తిరుగుబాట్లలో, జనం మళ్లీ ఇదే గోడల వెనక్కి పరుగెత్తారు.

ఇంత గోడను శతాబ్దాల పాటు నిలబెట్టింది రాజధనం కాదన్నాను కదా. రాజులు అప్పుడప్పుడు పన్నులో, సైనిక సేవలో మినహాయింపులిచ్చారు, అంతే. నిజంగా నిలబెట్టింది వీధివారీ సంఘాలు. బావి పూడిక తీయడం, చనిపోయినవారికి గొయ్యి తవ్వడం, గోడలో తమ వంతు భాగానికి పెంకులు మార్చడం అన్నీ ఆ సంఘాల పనే. ద్వారం పక్కన కోట కాపలాదారు కుటుంబం కాపురం ఉండేది. ఈ ఏర్పాటు 20వ శతాబ్దంలో కూలిపోయింది. 1945 జనవరిలో పనిచేయగల వయసున్న సాక్సన్లను సోవియట్ శ్రమశిబిరాలకు పంపారు. రుమేనియా కమ్యూనిస్టు నియంత చౌషెస్కు కాలంలో పశ్చిమ జర్మనీ తలకు ఇంత అని చెల్లించి వారిని తీసుకుపోయింది. 1990లో సరిహద్దు తెరవగానే మిగిలినవారిలో అత్యధికులు వెళ్లిపోయారు. నూటయాభైకి పైగా కోట చర్చిలు మిగిలాయి, పెంకు మార్చే చేతులు మిగలలేదు.

వృత్తిరీత్యా నాకు కష్టం కలిగించే సంగతి ఇదే. సున్నపు గచ్చుతో కట్టిన రాతిగోడ తడిసినా ఆరిపోతుంది, కాని పైనుంచి నీళ్లు నిరంతరం లోపలికి దిగితే నిలవదు. నాలుగు పెంకులు జారిన చోట మొదలైన తడి పదేళ్లలో గోడ మధ్యలోని రాళ్లపోతను మట్టి చేస్తుంది. దాని మీద ఎవరైనా సిమెంటు పూస్తే తడి బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. 2016 ఫిబ్రవరిలో రోదెష్, రోత్‌బావ్ అనే రెండు ఊళ్లలో కొద్ది రోజుల తేడాతో గోపురాలు కూలిపోయాయి. అంతకు ముందటి ఏడాదే లూథరన్ చర్చి సంస్థ ఈ కట్టడాల కోసం ఒక ప్రత్యేక ఫౌండేషన్‌ను ఏర్పాటు చేసింది. అది ముఖ్యంగా చేస్తున్నది కప్పుల మరమ్మతు, అది సరైన ప్రాధాన్యమే.

మీరు వెళ్లదలిస్తే బ్రషోవ్‌లో దిగి మొదటి రోజు ప్రెజ్మెర్‌కు, రెండవ రోజు విస్క్రి, సాస్కిజ్ మీదుగా బియెర్తాన్‌కు వెళ్లండి. పేరున్న చోట్ల టికెట్టు ఉంటుంది, వేళలు ఉంటాయి. పేరులేని ఊళ్లలో తాళంచెవి ఊళ్లో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. చాలాచోట్ల ద్వారం మీద ఆ ఇంటి నంబరో ఫోన్ నంబరో రాసి పెడతారు. పై అంతస్తులకు వెళ్లే చెక్క మెట్లు నిటారుగా, చీకటిగా ఉంటాయి కనుక టార్చిలైటు దగ్గర ఉంచుకోండి.